మా ఆయన చేసిన చీజ్

మా ఆయన ఫెలిక్స్‌కి ఉన్నట్టుండి గేదెల మీద జాలి పుట్టింది. గమ్హరియాలో డ్యూటీకి వెళ్తూ ఫోన్లో ఏదో వీడియో చూశాడట. ఆ సాయంత్రం నుంచి సీతారాండేరాలోని మా ఇంట్లోకి పాలు, పెరుగు, వెన్న రావడం ఆగిపోయింది. టీ కూడా నల్లగానే తాగాం. పెళ్లయిన పదహారేళ్లలో నా మీద ఒక్కసారైనా పుట్టని జాలి, ముఖమైనా చూడని గేదెల మీద పుట్టిందని నాకు ఒళ్లు మండింది.

చీజ్ లేకపోతే ఆయనకు బ్రెడ్డు ముక్క గొంతు దిగదు. అందుకని పాలు లేని చీజ్ తనే చేస్తానన్నాడు. ఆయన చేయడమంటే ఫోను పట్టుకుని వీడియో తీయడం. జీడిపప్పు నానబెట్టి, రుబ్బి, పలచటి గుడ్డలో మూటకట్టి పిండి, ఆ పాలలో గడ్డకట్టడానికి చైనాగ్రాస్ వేసి, అడుగంటకుండా తిప్పి, గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టడం నా వంతు. అదీ స్కూల్లో అరవై నోటుబుక్కులు దిద్ది వచ్చిన చేత్తో. మూడుసార్లు జిగురైంది. నాలుగోసారి కత్తికి ముక్కలుగా తెగింది.

ఇంట్లో చేసినవీ పెరట్లో పండినవీ తెచ్చి చర్చిలో సంఘం ముందు పెట్టే కోతపండుగ దగ్గరపడింది. చీజ్ అక్కడ చూపిస్తానన్నాడు.

"నా పేరు కూడా ఒక్కసారి చెప్పండి, చాలు," అన్నాను.

"నువ్వూ నేనూ వేరేటి?" అన్నాడు.

ఇంతకంటే తియ్యగా పేరు ఎగ్గొట్టడం ఎవరికి చేతనవుతుంది!

పండుగనాడు ఆరాధన అయ్యాక మైకు అందుకున్నాడు. సంఘపెద్ద అగస్టిన్‌గారు ముక్క నోట్లో వేసుకుని, "యే క్యా చీజ్ హై, భాయ్?" అన్నారు. ఇదేం వస్తువయ్యా అని హిందీలో ఆయన అడిగితే, మా ఆయన చీజ్ అన్న మాటొక్కటే పట్టుకుని పొంగిపోయాడు.

"చీజే అంకుల్, బిల్కుల్ చీజే! నేనే చేసేను. దీనికోసం ఏ ప్రాణినీ పిండనేదు."

వెనక బెంచీలోంచి ఫ్లోరెన్సక్క, "జీడిపప్పు ఎంతసేపు నానబెట్టాల తమ్ముడూ?" అని అడిగింది.

ఆయన నావైపు తిరిగి, మైకులోనే, "జయా, ఎంతసేపు నానబెట్టేవే?" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. నేను లేచి నిలబడ్డాను. అబద్ధమెందుకు, ఆ క్షణంలో నాకు పట్టలేనంత సంతోషంగా ఉంది.

"నాలుగ్గంటలు అక్కా. ఏ ప్రాణినీ పిండనేదన్నది మాత్రం నమ్మకండి. నన్ను పిండేరు."

నవ్వులు తగ్గాక అగస్టిన్‌గారు రెండో ముక్క తీసుకున్నారు.

"అచ్ఛా! అయితే ఈ చెయ్యి నీదన్నమాట, జయకుమారీ! మరింకేటి, క్రిస్మస్‌కి సంఘం మొత్తానికీ నువ్వే చేసెయ్యమ్మా. ఫెలిక్స్‌కేటి తెలుసు, పాపం!"

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా ఆయనే.