గేదె చేసిన సొట్ట

కరుణశ్రీ సంగం నుంచి ఉదయగిరికి వరిగడ్డి లోడు తీసుకుపోతుండగా దారిలో ఒక గేదె తాడు తెంచుకొని వచ్చి లారీని కుమ్మింది. గేదెకేమీ కాలేదు. డ్రైవరు వైపు తలుపు మాత్రం గిన్నెలా లోపలికి పోయి బిగుసుకుపోయింది. కరుణశ్రీ అవతలి వైపు నుంచి దిగాల్సి వచ్చింది.

ఆ పాత లారీ ఆమె నాయన డేవిడ్‌రాజుది. చూపు మందగించి ఆయన స్టీరింగు వదిలాక ఆమే నడుపుతోంది. బండికి గీత పడితే ఆయనకు అన్నం సయించదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆత్మకూరులో గురుస్వామి టింకరింగ్ షెడ్డుకు వెళ్లారు.

గురుస్వామి కుడిచేతికి పిండికట్టు ఉంది. స్కూటర్ మీంచి పడ్డాడట. కట్టు విప్పేదాకా సుత్తి పట్టలేనని, నెల్లూరు తీసుకుపొమ్మని చెప్పాడు. అక్కడ తలుపే మార్చమంటారని, ఇలాంటిది ఇప్పుడెక్కడ దొరుకుతుందని డేవిడ్‌రాజు దిగులుపడ్డాడు.

“చెయ్యే గదా మేస్త్రీ విరిగింది. నువ్వు చెప్తా ఉండు, నేను కొడతాను,” అంది కరుణశ్రీ.

గురుస్వామి నవ్వి స్టూలు దగ్గరకు లాక్కున్నాడు.

తలుపు ఊడదీయించి, రేకుకు బయటివైపు ఇనపదిమ్మె ఆనించి లోపలి నుంచి కొట్టమన్నాడు. ఆమె సొట్ట నడిమధ్యన గట్టిగా ఒక్కటేసింది. దెబ్బ దిమ్మె మీద పడక, రేకు పూరీలా బయటికి పొంగింది.

“కోపం గేదె మీద చూపియ్యి, రేకు మీద గాదు. అంచుల కాడ నుంచి మెల్లగా తట్టుకుంటా రా,” అన్నాడు గురుస్వామి.

మధ్యాహ్నానికి భుజాలు లాగేశాయి కానీ దెబ్బ చెప్పిన చోట పడసాగింది. కంటికి నున్నగా ఉన్నా నమ్మొద్దని, అరచేత్తో తడిమి చూసుకోమని ఆయన నేర్పాడు. డేవిడ్‌రాజు కూడా లేచివచ్చి తడిమి, హ్యాండిల్ కింద ఇంకా పల్లం ఉందన్నాడు. రంగుకు ముందు లప్పం పెడితే అది పూడిపోతుందని గురుస్వామి చెప్పినా, కరుణశ్రీ మళ్లీ సుత్తి అందుకుంది.

సాయంత్రం తలుపు బిగించి, ఠక్కున మూసింది. డేవిడ్‌రాజు దాన్ని తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. దారిలో ఆయనే పాట ఎత్తుకున్నాడు.

వారం తిరక్కముందే ఉదయగిరిలో వాళ్లింటికి ఫోనొచ్చింది.

“ట్రాక్టరు బానెట్ ఒకటి వచ్చి ఉండాది. ఖాళీగా ఉండావా?” అన్నాడు గురుస్వామి.

కరుణశ్రీ తాళాలు తీసుకుంది. ఆమెకంటే ముందే డేవిడ్‌రాజు లారీలో ఎక్కి కూర్చున్నాడు.