లక్ష్మీదుర్గ బల్ల

"ఎలాగూ బల్ల చేస్తున్నావు కదా దుర్గా, నాలుగు పనులకీ పనికొచ్చేలా చెయ్యి. ఇంట్లో ఇస్త్రీకి సరైన చోటే లేదు," అన్నాడు భర్త హరిప్రసాద్, కాలేజీకి బయల్దేరుతూ.

లక్ష్మీదుర్గ కర్రకి చిత్రిక పట్టడం ఆపి తలెత్తేలోగా బండి స్టార్టయి వెళ్ళిపోయింది.

వట్లూరులోని ఆ ఇంటి వెనక వరండాలో, కూతురు చాందిని విరగ్గొట్టుకున్న గిటార్ని అతికించడంతో మొదలైంది దుర్గ గిటార్ల పని. తర్వాత ఏలూరు నుంచి ఎవరెవరివో బాగుచేతకు వచ్చాయి. ఇప్పుడు కొత్తవే చేస్తోంది. ఇన్నేళ్ళూ నేలమీదే కూర్చుని, గిటార్ని మోకాళ్ళ మధ్య నొక్కిపట్టి చేసింది. నడుం పట్టేసిందంటే "ఎవరు చెయ్యమన్నారు నిన్ను?" అనేవాడు హరిప్రసాద్. పొయ్యి దగ్గర నిలబడి పట్టేసినప్పుడు మాత్రం ఆ మాట ఒక్కసారీ అనలేదు.

తాడేపల్లిగూడెంలో సంగీతం చెప్పే భీమశంకరంగారు "నాకూ ఒకటి చేసిపెట్టండమ్మా" అని అడిగాక, ఇక బల్ల లేకుండా కుదరదనుకుంది. పడగొట్టిన పాత ఇంటి వేప దూలాలు తెచ్చుకుంది. బల్ల కాళ్ళు తన మణికట్టు ఎత్తుకు కోసింది. ఒళ్ళంతా బరువేసి తోసినా ఊగకూడదని కింద అడ్డకర్రలు బిగించింది. చేతులు కర్రమీద ఉన్నా మనసు మాత్రం ఒకచోట నిలిచేది కాదు. రంపం పట్టుకుంటే పాలు పొంగుతాయేమో, ఉలి పట్టుకుంటే అత్తగారు కాఫీ అడుగుతారేమో. సగం కోత దగ్గర లేచి వెళ్ళడం, వచ్చి ఎక్కడ ఆపిందో వెతుక్కోవడం. ఇంట్లో ఇంకెవరి పనీ ఇలా ముక్కలు ముక్కలుగా ఎందుకు తెగదో ఆమెకు అర్థమయ్యేది కాదు.

బల్ల పూర్తయింది. ఆ సాయంత్రమే దానిమీద దుప్పటి పరిచి చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడు భర్త. మర్నాడు అత్తగారు రత్నాంబ మాగాయ ముక్కలు ఆరబోశారు. "ఒక్క పూటేగా అమ్మా" అన్నారు మెత్తగా. అందరి ఒక్కో పూటా కలిసి దుర్గ వారాన్ని మింగేశాయి. పనిముట్లు మళ్ళీ నేలమీదకు దిగాయి.

ఆదివారం ఆడపడుచు పద్మప్రియ, ఆమె భర్త భోజనానికొచ్చారు. వాళ్ళు రాకముందే దుర్గ భీమశంకరంగారి గిటార్‌కి వెనక చెక్క అతికించి, బల్లమీద పెట్టి, జిగురు ఆరేదాకా చెక్క జారకుండా చుట్టూ క్లాంపులు బిగించింది. "రేపటిదాకా ఎవరూ ముట్టుకోకండి" అని అందరికీ వినబడేలా చెప్పి వంటింట్లోకి వెళ్ళింది.

కొల్లేటి కొరమీను పులుసు పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి బల్లమీద పేపర్లు పరిచి కంచాలు పెట్టి ఉన్నాయి. గిటార్ ఓ మూల నేలమీద ఉంది. క్లాంపులు విప్పేశారు. చెక్క పక్కకు జారి, అంచుల్లోంచి జిగురు కారుతోంది.

"దగ్గరుండి చేయించానండి బావగారూ, ఏనుగెక్కినా కదలదు," అంటున్నాడు హరిప్రసాద్.

దుర్గ పులుసుగిన్నె కంచాల పక్కన పెట్టి, గిటార్ దగ్గర చతికిలబడింది. పచ్చి జిగురు గట్టిపడకముందే చెక్క ఊడదీసి, తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

"ముందు వడ్డించు దుర్గా, చల్లారిపోతోంది. అదెంతసేపు, మళ్ళీ అతికించుకోవచ్చు. నీకేం తొందర?" అన్నాడు హరిప్రసాద్.

అరిస్తే 'దుర్గకి కోపమొచ్చిందర్రా' అని నవ్వుకుంటారు, రేపటికి మర్చిపోతారు. చేతులు కడుక్కుని వడ్డించింది. ఎవరి కంచంలో ఎంత పోసిందో ఆమెకే తెలియదు.

చుట్టాలు వెళ్ళారు. బల్ల తుడిచి, డ్రిల్లు తీసింది. గిటార్ కదలకుండా పట్టే కొయ్యమేకుల కోసం బొటనవేలు దూరేంత కన్నాలు, బల్ల ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వరసగా వేసుకుంటూ పోయింది. నట్టనడుమ, కర్రని బిగించి పట్టే ఇనుప వైసు దింపి బోల్టులు బిగించింది. ఆ మోతకి కునుకు తీస్తున్న హరిప్రసాద్ పరిగెత్తుకొచ్చాడు.

"మతి పోయిందా? శుభ్రమైన బల్లంతా తూట్లు పొడిచావు!"

దుర్గ ఆఖరి బోల్టు బిగిస్తూనే ఉంది. రత్నాంబ నెమ్మదిగా వచ్చి, ఒక కన్నంలో వేలు పెట్టి చూశారు.

"దీనిమీద ఇక ఏం పెట్టినా నిలవదేమోనే?"

"గిటార్ నిలుస్తుందండి అత్తయ్యగారూ," అంది దుర్గ.