తీపి లేని సీసా

ఇంట్లో ఆమెను పంతులమ్మ అనేవారు. ఏ బడిలోనూ పాఠాలు చెప్పి కాదు, అసలు బడి మొహం చూసి కూడా కాదు. ముప్ఫై దాటాక తనంతట తానే అక్షరాలు కూడబలుక్కుని, అప్పటి నుంచి కంటపడ్డ ప్రతిదీ చదువుతూ ఉంటుందని వదిన పెట్టిన పేరది. మందు సీసా మీది కాగితం, సబ్బు పెట్టె వెనక చిన్నక్షరాలు, బస్సులో ముందు సీటు మనిషి చేతిలోని పత్రిక, ఏదీ వదిలేది కాదు.

ఆ వదిన మంగళవారం సాయంత్రం నాలుగు గంటల బస్సుకి వెళ్ళిపోతోంది. వదిన చెల్లెలికి చూపు పోయింది. చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి కావాలి. చూసి రావడానికి కాదు, వెళ్ళి అక్కడే ఉండిపోవడానికి.

పంతులమ్మకు వీడ్కోలు చెప్పడం చేతకాదు. తల్లి పోయిన వేళ ఆమె మందుల దుకాణం ముందు వరసలో నిలబడి ఉంది. అన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళిన పూట పనిలో ఉంది. వచ్చి చూస్తే మంచం మీద దుప్పటి మాత్రమే ఉంది. అప్పటి నుంచి ఎవరు ఎక్కడికి బయల్దేరుతున్నా, సరిగ్గా ఆ సమయానికి ఆమెకు ఏదో పని గుర్తొచ్చేది. స్నానాల గదిలో దూరి కుళాయి తిప్పేసేది. ఈసారీ అలాగే చేస్తే తనను తాను క్షమించుకోలేదు. వదినకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. నలభై ఏళ్ళుగా గొంతులోనే ఉండిపోయిన మాట.

ఇద్దరూ ఒకే హోటల్లో పనిచేశారు. పంతులమ్మ పై అంతస్తులో చిరిగిన దుప్పట్లు, తువ్వాళ్ళు కుట్టేది. వదిన నేలమాళిగలో గ్లాసులు కడిగేది. ఇంటికొచ్చాక అంట్లు ఒక రోజు ఒకరు, మర్నాడు మరొకరు. పంతులమ్మ అక్షరాలు మొదలుపెట్టిన కొత్తలో వదిన, "నీ వంతు కూడా నేనే తోముతాలే. నువ్వు ఆ పుస్తకం ముందేసుకుని ఏడు," అంది. ఏ నెలో రెండు నెలలో అనుకుంది పంతులమ్మ. పదకొండేళ్ళు తోమింది. పగలంతా ఊరందరి ఎంగిలి గ్లాసులు, సాయంత్రం ఇంటి గిన్నెలు. తనకు మాత్రం ఒక్క అక్షరం రాదు. అడిగితే, "ఇంటికి ఒక పంతులమ్మ చాలు," అనేది.

గొంతులో దాచుకున్న ఆ మాట తిన్నగా చెప్పబోతే వదిన సాగనివ్వదు, నవ్వులాటలోకి దింపేస్తుంది. అందుకే చేతిలో ఏదైనా పెట్టి చెబుదామనుకుంది. ముప్ఫై ఏళ్ళు వదిన కడిగిన గ్లాసుల్లో సగం బుడగల వైన్‌వే. ఒక్క చుక్క నోట్లో వేసుకున్నా ఉద్యోగం ఊడేది. "ఏముంటుందే అందులో? గ్లాసులు పైకి పంపేటప్పుడు మామూలుగా ఉన్న మనుషులు, అది తాగాక కొత్త పెళ్ళికొడుకుల్లా నవ్వుతుంటారట," అని ఎన్నిసార్లు అందో.

చిక్కల్లా వదిన షుగరుతోనే. టీలో కూడా చక్కెర వేసుకోదు. తీపి లేని సీసా వెతకాలి. పంతులమ్మ గ్రంథాలయం నుంచి వైన్ల పుస్తకం తెచ్చుకుంది. పరాయి భాష. పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకు రెండు పుటల చొప్పున లాక్కొచ్చింది. 'డ్రై' అంటే ఎండిందని కాదు, తీపి లేనిదని తెలిసిన రోజు ఆమె ఆనందం ఇంతా అంతా కాదు. అక్కడ పుట మడిచి పెట్టింది. ఆ మర్నాడే మంగళవారం వచ్చేసింది.

వైన్ దుకాణావిడ మెడలో గొలుసుకు కళ్ళజోడు వేలాడేసుకున్న భారీ మనిషి.

"ఎవరి కోసమమ్మా?"

"మా వదిన వెళ్ళిపోతోంది."

దుకాణావిడ గొంతు తగ్గించింది. "అయ్యయ్యో. డాక్టర్లు ఏమన్నారు?"

"వెళ్ళిపోయేది బస్సులోనండీ! నాలుగింటికి!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. ఆవిడ ఉత్సాహంగా అరల దగ్గరకు తీసుకెళ్ళింది. "వీటిని సీసాలోనే రెండోసారి పులియబెడతారు. బుడగ సన్నగా, చాలాసేపు వస్తుంది. ఇవేమో పెద్ద తొట్టెల్లో పులిసినవి. పళ్ళ వాసన బాగుంటుంది. అన్నిటినీ షాంపేన్ అనకూడదు సుమండీ, ఆ పేరు ఒక్క ప్రాంతానికే."

"తెలుసు. పదిహేడో పుటలో ఉంది."

"ఓహో! అయితే తీపి ఎంత ఉండాలో చెప్పండి, నేను తీసిస్తాను."

"అది నేను చూసుకుంటాలెండి," అంది పంతులమ్మ, కాస్త బిగుసుకుని.

చూసుకుంది కూడా. ఒక సీసా మీద 'బ్రూట్' అని ఉంది. సంచిలోంచి నిఘంటువు తీసి దగ్గరగా ఉన్న మాట వెతికింది. మృగం, మొరటువాడు అని ఉంది. బస్సెక్కే మనిషికి మృగాన్ని పోస్తుందా? దాన్ని వెనక్కి నెట్టేసింది. పక్క సీసా మీద 'ఎక్స్‌ట్రా డ్రై'. డ్రై అంటే తీపి లేనిది. ఎక్స్‌ట్రా డ్రై అంటే తీపి బొత్తిగా లేనిది. ఇంతకంటే ఏం కావాలి? చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చుకుంది.

రెండింటికి వదిన పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. పంతులమ్మ ఐసు నీళ్ళ బకెట్లోంచి సీసా తీసి, తుడిచి, బల్ల మీద పెట్టింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగాను! ఎక్కడిదే ఇది?"

"నీకే. తీపి బొత్తిగా లేనిది. చదివి తెచ్చాను."

బిరడా పట్టుకుని సీసాను మెల్లగా తిప్పాలని పుస్తకంలో ఉంది. తిప్పింది. ఢాంమని పేలలేదు, చిన్న నిట్టూర్పులా వదిలింది. మామూలు నీళ్ళ గ్లాసుల్లో పోసింది. వదిన అలవాటుగా గ్లాసు వెలుతురుకెత్తి, మరక లేదని రూఢి చేసుకుంది. ఆ తర్వాత చూపుడువేలు ముంచి, బొటనవేలితో రుద్ది, ఆరనిచ్చి, మళ్ళీ రుద్దింది.

"ఏమే, ఇది తీపిదే."

"కాదు వదినా! డ్రై! ఎక్స్‌ట్రా!"

"నీ ఎక్స్‌ట్రా నాకు తెలియదు. వేళ్ళు అంటుకుంటున్నాయి, చూడు. మరీ పానకం కాదులే, కానీ ఉంది. హోటల్లో కొన్ని సీసాల గ్లాసులు ఆరితే అడుగున జిగురు పట్టి సబ్బుతో తోమితే గానీ పోయేది కాదు. కొన్ని ఊరికే నీళ్ళు పోస్తే పోయేవి. ఇది మధ్యరకం."

పంతులమ్మ పుస్తకం తీసి మడత పెట్టిన పుట తిప్పింది. ఆమె ఇంకా చదవని తర్వాతి పుటలోనే పట్టిక ఉంది. తీపి తక్కువ నుంచి ఎక్కువకు వరసగా. బ్రూట్ పైన ఉంది. ఎక్స్‌ట్రా డ్రై దాని కింద మెట్టులో, ఇంకాస్త తీపిగా. 'బ్రూట్' అన్న మాటకు మృగంతో పని లేదు. చక్కెర తగిలించని ముడి రుచి అని దాని అర్థమట.

వదిన బస్సులో కళ్ళు తిరిగి పడిపోయినట్టు, ఎవరో నీళ్ళు చల్లుతున్నట్టు అన్నీ కళ్ళ ముందు కదిలాయి. గ్లాసు లాక్కోబోయింది. "వద్దు వదినా, పారబోస్తా. పరుగెత్తుకెళ్ళి ఇంకోటి తెస్తా. ఇంకా టైముంది..."

"కూర్చోవే! రెండు గుక్కలకు చస్తానా? నా షుగరు సంగతి నాకు తెలుసు." వదిన పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "నలభై ఏళ్ళు నువ్వేం చదివి చెబితే అదే నిజమనుకున్నానే. ఇవాళ్టికి ఒక్క తప్పు పట్టాను. ఎంత హాయిగా ఉందో నీకేం తెలుసు!"

ఆ నవ్వు చూసి పంతులమ్మకు ధైర్యం వచ్చింది. అంటుకునే ఆ వేళ్ళను రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఆ తప్పు చదవడానికైనా అక్షరం వచ్చింది నీ వల్లే వదినా. పదకొండేళ్ళు నా వంతు అంట్లు తోమావు. నేను చదివిన ప్రతి పుటలో నీ చెయ్యి ఉంది. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా చెప్పలేదు."

వదిన నవ్వు ఆగింది.

"నువ్వు తోమితే గిన్నెలకు జిడ్డు పోయేది కాదే, అందుకని..." అని మొదలుపెట్టింది గానీ, ఆ హాస్యం చివరి దాకా నిలవలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చెప్పావుగా. విన్నాను. బాగుంది." గ్లాసెత్తి ఒక గుక్క తాగింది, ఇంకో గుక్క తాగింది. "ముక్కులోకి పోతోందే! అందుకన్నమాట నవ్వేది!"

అక్కడితో గ్లాసు కింద పెట్టేసి, "ఆ తీపి లేనిదాని పేరు రాసివ్వు. పెద్దగా రాయి. అక్కడ మా చెల్లెలూ నేనూ తెచ్చుకుంటాం. దానికి కళ్ళు లేవు, నాకు చదువు లేదు. అక్షరాల ఆకారం పోల్చుకుంటాను," అంది.

పంతులమ్మ అట్టముక్క మీద బొగ్గులా నల్లటి పెన్సిల్‌తో నాలుగు అక్షరాలు రాసింది. బి, ఆర్, యు, టి. ఒక్కొక్కటీ వేలితో దిద్దించింది. బస్టాండుకు నడిచే దారంతా వదిన ఆ అక్షరాలే జపం చేస్తూ ఉంది. దారిలో పంతులమ్మకు రెండుసార్లు ఇంటి తాళం వేశానో లేదో చూసి రావాలనిపించింది. రెండుసార్లూ తన చేతిలోని వదిన పెట్టె పిడిని గట్టిగా పట్టుకుని ముందుకే నడిచింది.

బస్సు కదలబోతుంటే వదిన కిటికీలోంచి తల బయటపెట్టి, ఎదుటి దుకాణం బోర్డు మీదికి వేలు చూపించింది.

"అదిగోనే! బి!"

"బి కాదు వదినా! కాలు చాపింది చూడు, అది ఆర్!" అరిచింది పంతులమ్మ, బస్సు పక్కనే అడుగులు వేస్తూ.

"ఏదీ?"

"ఆర్!"

"సరే, ఆర్!"

బస్సు మలుపు తిరిగేదాకా పంతులమ్మ చెయ్యి గాలిలో ఆ అక్షరాన్నే రాస్తూ ఉంది.