సామాన్ల దగ్గర మనిషి

“రేపు వంటింటికి సెలవు. గోపాల్‌పూర్ పార్కుకెళ్లి అక్కడే తిందాం,” అన్నాడు లోకనాథ్, శనివారం కొట్టు కట్టేసి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే. పిల్లలిద్దరూ గెంతారు. అత్తగారు తవిటమ్మ ముఖం కూడా విప్పారింది. హేమ మాత్రం ఇంట్లో నిమ్మకాయలు ఉన్నాయో లేవో మనసులోనే వెతుక్కుంది. అక్కడ తినడమంటే ఇక్కడ వండటమని, వంటింటికి సెలవిచ్చిన రోజునే వంటింట్లో లైటు అన్ని రోజులకన్నా ముందు వెలగాలని ఆమెకు పెళ్లయిన కొత్తలోనే తెలిసింది.

ఆదివారం తెల్లారకుండానే లేచింది. అందరికీ పులిహోర, అత్తగారికి ఉప్పు తగ్గించిన పెరుగన్నం, కొడుకు ఉదయ్‌కి బంగాళాదుంప వేపుడు, లోకనాథ్‌కి వడలు. నూనె కాగుతుండగా ఒక చీర అంచు గుర్తొచ్చింది. సోమవారం కొట్టు తెరిచేసరికి ఒక పెళ్లివారి చీరకి ఫాల్ కుట్టి, కుచ్చులు వేసి ఇవ్వాలి. బరంపురం గేట్ బజార్‌లో వాళ్ల బట్టల కొట్టుకి మంచి పేరే ఉంది. చీర కొంటే ఫాల్ ఉచితం అని బయట బోర్డు కూడా పెట్టాడు లోకనాథ్. ఆ ఉచితం హేమ చేతులదే. మన కొట్టే కదా అంటాడు. ఒకసారి అన్నం క్యారేజీ ఇవ్వడానికి కొట్టుకి వెళ్తే, మీ మిసెస్ ఏం చేస్తారని ఎవరో ఒడియా ఆవిడ అడిగింది. ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటుంది అని చెప్పాడు. ఆ చెప్పేటప్పుడు అతని చేతిలో ఉన్నది, మధ్యాహ్నమంతా కూర్చుని హేమ కుచ్చులు ముడేసిన చీరే. ఆవిడ ఆ కుచ్చులని వేళ్లతో నిమిరి చాలా బాగున్నాయంది. హేమ క్యారేజీ గల్లాపెట్టె పక్కన పెట్టి వచ్చేసింది.

చాప, నీళ్ల సీసాలు, పళ్లాలు, అత్తగారి మందులు, తువ్వాళ్లు, ఉదయ్‌కి మారుబట్టలు, బంతి. అన్నీ సర్దేసరికి ఇస్త్రీ చొక్కాలో లోకనాథ్ తయారై వచ్చి, మీ ఆడోళ్లు కదిలేసరికి సముద్రం ఎండిపోద్ది అన్నాడు. పిల్లలు నవ్వారు. హేమ కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆటో ఎక్కాక ఆలోచించుకుంది గానీ, ఒళ్లో సంచుల బరువుకి కాళ్లు తిమ్మిరెక్కడంతో ఆ ఆలోచన మధ్యలోనే ఆగిపోయింది.

పార్కు సముద్రపు ఒడ్డునే. పచ్చగడ్డి, ఉయ్యాలలు, జారుడుబల్లలు, రంగు వెలిసిన సిమెంటు చేపలు. చివర నడుము ఎత్తు గోడ, గోడ మధ్యలో ఇసకలోకి దిగే మెట్లు. గేటు దగ్గర ఫేమిలీ పార్కు అని రాసిన బోర్డు చూసినప్పుడల్లా అది తనే రాయించినట్టు మురిసిపోతాడు లోకనాథ్. ఇక్కడ తాగుబోతులుండరు, అల్లరిమూకలుండరు, ఆడోళ్లు హాయిగా కూర్చోవచ్చు అంటాడు. నిజమే, హేమ ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చినా చేసింది కూర్చోవడమే. సరుగుడు చెట్టు నీడ చూసి చాప పరిచింది. లోకనాథ్ ఫోను, గడియారం, పర్సు ఒక్కొక్కటే తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. చెప్పులు చాప పక్కన విడిచాడు. “జాగర్త. కదలకు,” అని చెప్పి ఉదయ్ చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

కూర్చుంటే అక్కడి నుంచి సముద్రం కనబడదు. గోడ అడ్డం. గోడ మీద ఆకాశం కనిపిస్తుంది, గోడ అవతల హోరు వినిపిస్తుంది. పెళ్లయిన నెలలోనే మొదటిసారి తీసుకొచ్చారు. హేమది పొలసర పక్క పల్లె. చుట్టూ వరిచేలే తప్ప అంత నీరు ఆమె ఎప్పుడూ చూడలేదు. కొత్త పట్టుచీర తడిస్తే పాడైపోద్దని అత్తగారు ఒడ్డునే నిలబెట్టింది. ఆడపడుచులూ మరుదులూ అందరూ చెప్పులు విప్పి ఆమె చుట్టూ పెట్టి పరుగెత్తారు. ఆ తర్వాత కడుపుతో ఉందని, ఆ తర్వాత చంటిపిల్ల ఉందని, ఆ తర్వాత అత్తగారికి మోకాళ్ల నొప్పులని. ఇప్పుడిక కారణం కూడా అక్కర్లేదు. సామాన్ల దగ్గర మనిషి ఉండాలి, ఆ మనిషి హేమ. బరంపురం నుంచి ఆటో ఎక్కితే వచ్చేసే సముద్రానికి ఇన్నేళ్లలో ఎన్నోసార్లు వచ్చింది. పాదాలు మాత్రం తడవలేదు. ఊళ్లో చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా, నీకేమక్కా, సముద్రం పక్కనే కాపరం అంటుంది. అవునే అంటుంది హేమ.

కూతురు దివ్యశ్రీ కూడా తండ్రి వెనకే పరుగెత్తింది. మెట్ల దాకా వెళ్లిందో లేదో తవిటమ్మ పిలిచింది.

“ఎక్కడికే? సిన్నపిల్లవేటి ఇంకా? తడిబట్టల్తో నలుగుర్లో తిరుగుతావా? రా, అమ్మ కాడ కూకో.”

ఎండాకాలం సెలవుల్లో దివ్య పెద్దమనిషయింది. అప్పటికి కొలిచి కుట్టించిన గౌను ఇంకా పొట్టి కూడా కాలేదు. పోయిన ఏడాది ఇదే పార్కులో తమ్ముణ్ణి ఓడించి జారుడుబల్ల ఎక్కిన పిల్ల. ఏడుస్తుందనుకుంది హేమ. నాన్నని పిలిచి పేచీ పెడుతుందనుకుంది. పెడితే బాగుండునని కూడా అనుకుంది. దివ్య వెనక్కి వచ్చి చాప మీద తల్లి పక్కన కూర్చుంది. గౌను మోకాళ్ల మీదికి లాక్కుంది. కాసేపు గోడకేసి చూసి, ఎవరూ చెప్పకుండానే, చెల్లాచెదురుగా ఉన్న చెప్పులన్నీ దగ్గరికి జరిపి వరసగా పెట్టింది. హేమ ఆ వరసకేసి చూసింది. బాగా పెట్టింది పిల్ల. అచ్చం తనలాగే, వేళ్లు తన వైపు, మడమలు అటు వైపు, వచ్చినవాళ్లు కాలు దూర్చుకోవడానికి వీలుగా.

తవిటమ్మ కొంగు ముఖం మీద వేసుకుని పడుకుంది. కాసేపటికి గుర్రు మొదలైంది.

పక్క చాప మీద కూడా ఒకావిడ సంచుల మధ్య కూర్చుని ఉంది. హేమ ఈడుదే, కాస్త చిన్నదేమో. ఎక్కడి నుంచి వచ్చారని ఒడియాలో అడిగింది. హేమ ఒడియాలోనే చెప్పింది. ఇంతలో ఆవిడకి ఫోనొస్తే, “ఆఁ, ఇక్కడే ఉన్నానండీ, ఎక్కడికీ ఎల్లనేదు,” అంది తెలుగులో. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆవిడ పేరు సరళ. ఇచ్ఛాపురం అవతలి పల్లె పుట్టిల్లు, ఛత్రపూర్‌లో కాపరం. భర్త ఒడ్డు మీద, మరుదులు, పిల్లలు నీళ్లలో ఉన్నారు. ఫోన్ చేసింది భర్తే, సంచుల దగ్గరే ఉన్నావా అని కనుక్కోవడానికి. గోపాల్‌పూర్ రావడం ఇది ఎన్నోసారో గుర్తులేదు గానీ గోడ అవతలికి ఎప్పుడూ దిగలేదంది. ఆ మాట ఎవరి సంగతో చెబుతున్నట్టు, ఏ బాధా లేకుండా చెప్పింది.

హేమ నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. “మీరు ఎల్లి రండి. మీ సామాన్లు నాను సూస్తాను. తర్వాత మావి మీరు సూద్దురు గాని.”

సరళ ఒకసారి మెట్ల వైపు చూసింది, ఒకసారి సంచుల వైపు చూసింది. తన భర్తవాళ్లు ఆ పక్క పడవల వైపు ఉన్నారు, మెట్లు దిగి ఇటు పక్కకి వెళ్తే కనబడను అని లెక్క వేసుకుంది. లేచి గబగబా వెళ్లింది. అంతే త్వరగా వచ్చింది కూడా. చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకి అంటుకున్నాయి, పాదాల నిండా ఇసక. ఎలా ఉందని హేమ అడిగితే, ఎల్లండి ఎల్లండి అని తోసింది.

హేమ ఒళ్లోవన్నీ సంచిలో పెట్టి, దివ్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ఒడ్డు దగ్గరే లోతు, అల వెనక్కి లాగుతుంది, అందుకని కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. మొదటి అల పాదాల మీదికి వచ్చి మడమల కింద ఇసకని తోడుకుపోయింది. నేల జారిపోతున్నట్టనిపించి ఇద్దరూ ఒకేసారి అరిచారు. రెండో అల మోకాళ్ల దాకా వచ్చింది. దివ్య పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైందని హేమకి అప్పుడు తెలిసింది. తన రెండో చెయ్యి ఖాళీగా ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక కాసేపు గాల్లో అలాగే ఉంచింది, తర్వాత నీళ్లలో ముంచింది. సంతోషంగానే ఉంది. కానీ ప్రతి అలకీ మధ్య మెడ దానంతటదే గోడ వైపు తిరుగుతోంది. ఫోను ఉందా, పర్సు ఉందా, అత్తగారు లేచిందా. ఎవరూ తన వైపు చూడని చోట కూడా తనని తాను కాపలా కాసుకుంటోంది. నీళ్లలో నిలబడి కూడా చాప మీదే ఉంది ఆమె.

తిరిగి మెట్లెక్కేసరికి లోకనాథ్ చాప దగ్గర నిలబడి ఉన్నాడు. తవిటమ్మ లేచి కూర్చుని ఉంది. సరళ తన చాప అంచున నిలబడింది. లోకనాథ్ ఫోను చూసుకున్నాడు, పర్సు విప్పి చూసుకున్నాడు, ఆఖరికి పులిహోర డబ్బా మూత కూడా తీసి చూశాడు. అందులోంచి ఏం పోతుందో హేమకి అర్థం కాలేదు.

“నీకు అప్పజెప్పింది ఏటి? ఒక్క పని. కూకోడం. అది కూడా సేతకాదా?”

ఏమీ పోలేదు కదండీ అంది హేమ. పోలేదు గనక సరిపోయింది, పోతేనో అన్నాడు. పోనివాటికి కూడా ఆమెదే పూచీ. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో తన కన్నతల్లిని కూడా వదిలేసి పోయావని, ఆ ముక్కూ మొహం తెలియని సరళ వింటూ ఉండగానే అన్నాడు. అటు వైపు నుంచి సరళ భర్త వచ్చాడు. తడిసిన కుచ్చిళ్లు చూశాడు. గడ్డం పైకెత్తి సంచులు చూపించాడంతే. సరళ వంగి సర్దడం మొదలుపెట్టింది. తిట్టేవాడికన్నా ఆ గడ్డం ఎత్తినవాణ్ణి చూస్తేనే హేమకి ఎక్కువ భయమేసింది. వాళ్లు వెళ్లిపోయేటప్పుడు సరళ ఇటు చూస్తుందేమో అనుకుంది. చూడలేదు.

తడి చీరతోనే పళ్లాలు పెట్టింది. వడలు బాగున్నాయని ఉదయ్ అన్నాడు, లోకనాథ్ ఇంకో రెండు పెట్టించుకున్నాడు. తినేసి పళ్లెం ఆమె వైపు జరిపి, ఇక నిన్ను బయటికి తేవడమే దండగ అన్నాడు. ఆమె పళ్లాలు కుళాయి దగ్గర కడుక్కొచ్చింది. అందరూ సాయంత్రం దాకా ఉన్నారు. ఉదయ్ మళ్లీ నీళ్లలోకి వెళ్లాడు. దివ్య వెళ్లలేదు. అడగలేదు కూడా.

తిరుగు ఆటోలో లోకనాథ్ ముందు డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. వెనక హేమ, ఒళ్లో సంచులు. ఉదయ్ నిద్రపోతూ నానమ్మ మీద ఒరిగాడు. దివ్య చివర కూర్చుని బయటికి చూస్తోంది. బరంపురం దీపాలు కనబడే వేళకి తవిటమ్మ నెమ్మదిగా, కోపమేమీ లేకుండా, ఇంటి మంచి కోరేదానిలాగే మొదలుపెట్టింది.

“వొచ్చే వారం నుంచి పిల్లని నీ పక్కన పెట్టుకో హేమా. పులిహోర కలపడం, సామాను సద్దడం, నలుగుర్లో ఎలగుండాలో అన్నీ నేర్పు. రేపొద్దున అత్తోరింటికెల్తే అనేది మనల్నే గదా.”

ముందు చెప్పినచోట కూర్చోవడం నేర్పమను అన్నాడు లోకనాథ్, వెనక్కి తిరక్కుండానే.

హేమకి తనకు వచ్చిన పనులన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. అందరికన్నా ముందు లేవడం వచ్చు. తన మీద వేసిన హాస్యానికి తనే నవ్వడం వచ్చు. ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటుంది అన్న మాట విని క్యారేజీ పెట్టి వచ్చేయడం వచ్చు. వినబడే సముద్రాన్ని చూడకుండా ఉండటం వచ్చు. ఇవేవీ ఆమెకు ఎవరూ చెప్పి నేర్పలేదు. పొలసరలో జాతరకి వెళ్తే అందరి మూటల దగ్గరా అమ్మ కూర్చునేది, అమ్మ పక్కన తను కూర్చునేది. అంతే, అలా కూర్చుంటే వచ్చేశాయి. దివ్య గౌను అంచుకి ఇసక అంటుకుని ఉంది. ఆ పిల్ల దాన్ని దులుపుకోకుండా రెండు వేళ్ల మధ్య నలుపుతోంది.

“నేర్పనత్తా,” అంది హేమ.

ఆటో చప్పుడులో తవిటమ్మకి సరిగా వినబడలేదు. లోకనాథ్‌కి వినబడింది. ఈసారి వెనక్కి తిరిగాడు. దివ్య కూడా తిరిగింది.

“ఏటన్నావు?”

గొంతు పెంచలేదు హేమ. ఒళ్లో సంచులు అలాగే ఉన్నాయి, వాటి మీద చేతులు అలాగే ఉన్నాయి. కూతురు ముఖంలోకే చూస్తూ చెప్పింది.

“నాకొచ్చిన పని ఒక్కటి కూడా దానికి నేర్పను.”