మేస్త్రి గారి ఇరవై ఒకటో మర

నేను ఒక ట్యాపును. బిందెలు పట్టుకుని రాకండి, నీళ్ల కుళాయిని కాను. ఇనుప చిల్లు లోపల మరలు కోసే ఉక్కు పనిముట్టును. నేను దూరి బయటికొచ్చాకే నట్టు నట్టవుతుంది, అంతకుముందు అది ఉత్త బెజ్జం. ఈ మాత్రం గర్వం నాకుంది, దాచుకోను.

నన్ను పుట్టించింది సామర్లకోటలో లేతు షాపు పెట్టిన గవర్రాజు మేస్త్రి. ఆయన గోలీసోడా మిషన్లు చేసేవాడు. తన మిషను పాడైతే జనం ఇంకో షాపుకు పోకూడదని ఆయన బుర్రలో ఓ పురుగు తొలిచింది. లోకమంతా వాడే కొలతలు వదిలేసి, సీసాలు బిగించే బోల్టును అంగుళానికి ఇరవై ఒక్క మరలు వచ్చేలా కోశాడు. దాని నట్టు కోసం నన్ను చేసి, నా మెడ మీద ‘గ.రా. 21’ అని అచ్చు గుద్దాడు. "ఇంకెవడు బాగుచేస్తాడో నేనూ చూస్తాను" అని మీసం దువ్వాడు.

ప్రతి దసరాకు ఆయుధపూజలో సరిగ్గా ఆ అక్షరాల మీదే పసుపు పూసి బొట్టు పెట్టేవాడు. సోడా మిషన్లకు గిరాకీ పోయాక నన్ను దేవుడి పటం కింద కూర్చోబెట్టేశారు. ముప్పై దసరాల పసుపు నా మెడ మీద పెచ్చు కట్టింది. మేస్త్రి షాపును అల్లుడు వీరభద్రానికి అప్పగించి, అరుగు మీద పేపరుకు అంకితమైపోయాడు. అల్లుడేమో నా గురించి ఎవరడిగినా "జర్మనీదండి" అనేవాడు. నేను పక్కనున్న పెద్దాపురం కూడా చూడలేదు!

మొన్న ఉదయం సోడాల నూకరత్నం రొప్పుకుంటూ వచ్చింది. ఆమె మిషను నట్టులో మరలు అరిగిపోయి సీసాలు నిలవడం లేదట.

"ఎల్లుండే తీర్థవండి బాబూ! ఆ మూడ్రోజుల మీదే మా ఏడాదంతా గడవాలి. మిషను తిరక్కపోతే పిల్లలకేం పెట్టనండి?" అంది. నేనున్నాను తల్లీ అని అరిచాను. ఉక్కు అరిస్తే ఎవరికి వినబడుతుంది?

వీరభద్రం మరలు కొలిచే దువ్వెనల్లాంటి గేజీలు తీసి బోల్టు మరల మీద ఒక్కొక్కటే ఆనించి చూశాడు. ఇరవైది కూర్చోలేదు. ఇరవై రెండుదీ కూర్చోలేదు. మిల్లీమీటర్ల గేజీలదీ అదే వరస. డబ్బాలో ఉన్న ట్యాపులన్నీ బోల్టు పక్కన పెట్టి చూశాడు, నన్ను తప్ప! పూజలో ఉన్నదాన్ని పనిలోకి దించకూడదట. చివరికి మామగారికి కబురు పెట్టాడు.

మేస్త్రి వచ్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, బోల్టును ఎండలోకి ఎత్తి చూశాడు.

"ఏ వెధవ కోశాడయ్యా ఈ మర? ఆణ్ణి తీసుకొచ్చి గుంజక్కట్టాలి!"

"మిషను మా అత్తకి మీరే చేసిచ్చారటండి" అంది నూకరత్నం మెల్లగా.

"నేనా? ఇలాంటి అడ్డగోలు మర నేను కోస్తానా అమ్మా?"

పాపం ఆమె ఏం చేస్తుంది? దేవుడి పటానికి దణ్ణం పెట్టడానికి వచ్చింది. నా మీద చూపు పడింది. ఆ బోల్టును పదేళ్లుగా రోజూ బిగిస్తున్న చెయ్యి ఆమెది. నన్ను ఎత్తి, వేలితో మరలు తడిమి, "దీని మరా మా బోల్టు మరా ఒకలాగే ఉన్నాయండి!" అంది.

వీరభద్రం నన్నూ బోల్టునూ ఒకదానికొకటి ఆనించి వెలుతురుకు ఎత్తాడు. పన్నులో పన్ను కూర్చుంది, మధ్య సందే లేదు. కిరసనాయిలు గుడ్డతో నా మెడ తుడిచాడు. అక్షరాలు బయటపడ్డాయి. చదివి, మామగారి వైపు తిప్పాడు.

మేస్త్రి కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. రెండుసార్లు చదివాడు. దగ్గాడు.

"ఆ వెధవ... మంచి పనోడేనయ్యా" అన్నాడు.

ముప్పై ఏళ్ల తర్వాత ఇనుములో పళ్లు దిగాయి. నా ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నానికల్లా కొత్త నట్టు బిగిసింది, మిషను తిరిగింది. నూకరత్నం కళ్లు తుడుచుకుంటూ కొట్టిన మొదటి సోడా మేస్త్రి తాగి గట్టిగా త్రేన్చాడు.

తర్వాత ఆయనే నన్ను శుభ్రంగా కడిగి, కళ్లకద్దుకుని, పసుపు పూసి బొట్టు పెట్టాడు. సరిగ్గా ఆ అక్షరాల మీదే.