ఆగాను, నువ్వు పద

నాకు కోపం ఎక్కువ. కుక్కల్ని తిప్పే పనిలో కోపం పనికిరాదని మా పిన్ని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "నీ కోపం తాడు వెంట పాకి కుక్క మెడ దాకా వెళ్తుందే" అనేది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఈ పనే చేసింది. నాకు నేర్పింది ఆవిడే, నన్ను పెంచిందీ ఆవిడే. ఏడాదిన్నర క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. అప్పట్నుంచీ కిటికీ పక్కన కుర్చీలోనే ఉంటుంది. కుర్చీ కింద ఆవిడ పాత బూట్లు ఉంటాయి. వాటిని వారానికోసారి నాచేత తుడిపిస్తుంది. ఎందుకు పిన్నీ అంటే, రేపు లేచి నడుస్తానేమో, నీకేం తెలుసు అంటుంది.

ఒళ్ళో ఎప్పుడూ చిటికె. అది పిన్ని కుక్క. చూడ్డానికి గుప్పెడంత ఉంటుంది, పౌరుషం మాత్రం ఇంతా అంతా కాదు. రోజూ పొద్దున్నే దాన్నీ, వీధి చివర ఎలక్ట్రీషియన్ గారి కుక్క బండోడినీ కలిపి తిప్పుతాను. బండోడు దూడంత ఉంటాడు. చిన్నది గోడ వైపు, పెద్దది రోడ్డు వైపు, మధ్యలో నేను. ఎదురుగా ఇంకో కుక్క వస్తే చిన్నదాన్ని ఎత్తుకోకూడదు. ఎత్తుకుంటే అవతలిది దాన్ని అందుకోవాలని మన మీదికి దూకుతుంది. గోడ వైపు తిరిగి, తాడు కురచగా పట్టుకుని, చిన్నదాన్ని మన కాళ్ళ మధ్య కూర్చోబెట్టాలి. ఎక్కడ పట్టుకోవాలో మర్చిపోకుండా చిటికె తాడుకి పిన్ని ఒక ముడి వేసింది.

అవతలేముందో కనిపించని మలుపుల దగ్గర కుక్కల్ని తిప్పే మా వాళ్ళందరికీ ఒక పద్ధతుంది. తిరగబోయే ముందు మన దగ్గర ఎన్నున్నాయో గట్టిగా చెప్పాలి. అవతల ఎవరైనా ఉంటే వాళ్ళూ చెప్తారు. చిన్నది మాత్రమే ఉన్నవాళ్ళు "ఆగాను" అని, పెద్దదాన్ని ముందు పోనిస్తారు. ఈ పద్ధతి పెట్టింది కూడా పిన్నే.

ఆ రోజు పొగమంచు బాగా పట్టింది. పరుపుల గోడౌన్ మలుపు దగ్గర ఆగి, "పెద్దది ఒకటి, చిన్నది ఒకటి" అని అరిచాను.

"చిన్నది ఒకటి. ఆగాను, నువ్వు పద" అంది అవతలి నుంచి ఒక ఆడగొంతు.

నాకు ఒళ్ళు మండింది. ముక్కూ మొహం తెలియని మనిషి నన్ను నువ్వు అనడమేమిటి? రెండు మాటలు అనే ఉద్దేశంతోనే మలుపు తిరిగాను. అక్కడ ఎవరూ లేరు. ఒకవైపు గోడౌన్ గోడ, ఇంకోవైపు దించేసిన షట్టర్లు. సందు లేదు, తలుపు లేదు. కుక్క వాసన తగిలితే చాలు వీధి మొత్తాన్ని లేపే బండోడు నోరెత్తలేదు. గోడ పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు, వాళ్ళకి చోటిచ్చి పక్కనుంచి నడిచాడు. చిటికె ఆ ఖాళీ గోడ ముందు ఆగి తోక ఊపింది. దాన్ని అక్కణ్ణుంచి కదిలించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంటికొచ్చి పిన్నికి నవ్వుతూనే చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"ఎన్ని... అంది?"

"చిన్నది ఒకటి అంది."

పిన్ని ఎడమ చెయ్యి చిటికె వీపు మీద బిగుసుకుంది. "అది మనిషి కాదే... దీన్నే... అడుగుతోంది. రేపు దీన్ని తీసుకెళ్ళకు."

"నీదంతా చాదస్తం పిన్నీ."

"ఇది పోతే... నేనుండనే. చెప్పింది విను."

పైకి చాదస్తం అన్నాను గానీ నాకూ భయమేసింది. చిటికె లేకపోతే ఈవిడ తిండి కూడా మానేస్తుందని నాకు తెలుసు. మర్నాడు చిటికెను పిన్ని ఒళ్ళోనే ఉంచాను. తాడు మేకుకి తగిలించాను. అది నా వెనకే జారుకుంటుందేమోనని తలుపుకి బయట తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఇంక దాన్నెవరు తీసుకెళ్తారో చూద్దాం అనుకున్నాను.

మలుపు దగ్గర మంచు నిన్నటికంటే దట్టంగా ఉంది. "పెద్దది ఒకటి" అన్నాను.

"చిన్నది ఒకటి. ఆగాను, నువ్వు పద."

ఈసారి ఆ గొంతు సరిగ్గా విన్నాను. నన్ను తిట్టిన గొంతు, అన్నానికి పిలిచిన గొంతు, ముద్దగా మారకముందు ఉన్న గొంతు. ఏడాదిన్నరగా వినక మర్చిపోయాను. "పిన్నీ" అని పిలిచాను. బండోడు నన్ను లాక్కుంటూ మలుపు తిరిగి, మళ్ళీ అక్కడే, గోడకి చోటిచ్చి నడిచాడు.

ఇంటికి ఎలా పరుగెత్తానో గుర్తులేదు. బండోణ్ణి గేటుకి కట్టేశాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసి లోపలికి వెళ్ళాను.

పిన్ని కుర్చీలో తల కిటికీ వైపు వాల్చి ఉంది. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు. కాళ్ళకి బూట్లున్నాయి. లేసులు ఆవిడ పద్ధతిలోనే రెండేసి ముళ్ళు వేసి ఉన్నాయి. అడుగున తడి మట్టి. చిటికె ఒళ్ళో లేదు. గోడ వైపు, ఆవిడ రెండు కాళ్ళ మధ్య బుద్ధిగా కూర్చుని ఉంది. దాని పాదాలకీ అదే మట్టి. మెడకి తాడుంది. ఆ తాడుని పిన్ని కుడి చెయ్యి, పడిపోయిన చెయ్యి, ముడి దగ్గర పట్టుకుని ఉంది.

నేల మీద కూలబడి ఏడ్చాను. మా పనిలో అందరం అంకె వింటాం, ఆ తర్వాతి మాట పట్టించుకోం. నేనూ పిన్నీ కూడా చిన్నది ఒకటి అన్నది విని చిటికెకి కాపలా కాశాం. ఆగిపోయేది పిన్నేనని చెప్పిన ఆ ఆగాను అన్న మాట ఇద్దరం వినలేదు.

తాడు విడిపించబోయాను. వేళ్ళు రాలేదు. ఒక్కొక్కటే లాగి చూశాను, కోపం కూడా వచ్చింది, అయినా రాలేదు. చిటికె కదలకుండా నా వంకే చూస్తోంది. అప్పుడు లేచి, పిన్ని పక్కన గోడ వైపు తిరిగి నిలబడి, ఆవిడ చేతి మీద చెయ్యి వేసి ముడి దగ్గర పట్టుకున్నాను.

"చిన్నది ఒకటి" అన్నాను. "నేను ఆగాను పిన్నీ. నువ్వు పద."

తాడు నా చేతిలోకి వచ్చింది.