చేతులు తారుమారైన చొక్కా

కుట్టు మెషీన్‌కు నూనె వేయనిదే రోజు మొదలుపెట్టని మనిషిని నేను. ఇప్పుడు నిద్ర లేస్తూనే, కళ్లు నులుముకుంటూ ఫోన్ తీస్తాను. నిన్నటి స్టేటస్ ఎవరెవరు చూశారో ఆ జాబితా అడుగుదాకా వెళ్తాను. నూటపద్దెనిమిది మంది చూసినా నాకు కావలసింది ఒక్కరే, మా చెల్లి.

రెండేళ్ల క్రితం వరకూ ఈ దర్జీ కొట్టు మా ఇద్దరిదీ. అది కత్తిరించేది, నేను కుట్టేదాన్ని. కుట్టు ఏమాత్రం పక్కకు జరిగినా ఇట్టే పట్టేసేది. పట్టేసి ఊరుకుంటుందా? ఒకరోజు కస్టమర్ ముందే, "కాలరు వంకరపోయింది, విప్పు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. "అంత గొప్పదానివైతే వేరే కొట్టు పెట్టుకో, పో" అన్నాను. కోపమొస్తే నా నోటికి హద్దుండదు. అది నిజంగానే పోయింది. కాలరు కూడా నిజంగానే వంకరపోయింది.

అప్పటినుంచీ మాటల్లేవు. నా స్టేటస్ మాత్రం రోజూ చూస్తుంది. చూస్తుందని నాకు తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు. ఇదేం చుట్టరికమో ఏమో.

చివరికి ఒక ఉపాయం పన్నాను. మిగిలిపోయిన గుడ్డ ముక్కలతో బొమ్మ చొక్కాలు కుట్టి, ఒక్కోదాంట్లో కావాలనే ఒక్కో తప్పు చేసి ఫొటో పెట్టడం మొదలుపెట్టాను. ఒకరోజు కాజాలకు ఎదురుగా రాని గుండీలు. ఇంకోరోజు ఒకవైపు పొడుగైన కాలరు. తప్పు కనిపిస్తే చెల్లికి నాలుక దురద. "విప్పు" అని ఒక్క ముక్క రాస్తే చాలనుకున్నాను. నెలన్నర గడిచింది. చెప్పుల షాపాయన చప్పట్లు పంపాడు, మా వదిన గులాబీలు పంపింది. చెల్లి పేరు జాబితాలో ఉంది, అంతే. దాని మీద ఎంత బెంగ పెట్టుకున్నానో చెప్పుకోవాలంటే సిగ్గు.

మొన్న ఒక బస్సు డ్రైవరు చొక్కా కుడుతూ పది కుట్లకొకసారి ఫోన్ చూశాను. పూర్తిచేసి, హ్యాంగరుకు తగిలించి, దాని ఫొటో కూడా పెట్టాను. అది కస్టమర్‌ది కాబట్టి అందులో ఏ తప్పూ చేయలేదు. మధ్యాహ్నం ఇస్త్రీ చేస్తుంటే ఫోన్ మోగింది. చెల్లి.

"ఆ చారల చొక్కా ఇచ్చేశావా?"

"లేదు. సాయంత్రం వస్తాడు."

"ఇవ్వకు. చేతులు తారుమారయ్యాయి. వెనక ఉండాల్సిన మణికట్టు చీలికలు ముందుకొచ్చాయి చూడు."

చూశాను. కుడిచెయ్యి ఎడమవైపుంది. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ చేయని పొరపాటు.

"మరి ఇన్నాళ్లూ పెట్టినవి కనిపించలేదా?" అన్నాను.

"అవి నాకోసం పెట్టావని తెలీదనుకున్నావా? తప్పుని అంత తిన్నగా ఎవరు కుడతారక్కా?"

"తెలిసీ నోరు మెదపలేదేం?"

అవతల దాని మెషీన్ చప్పుడు ఆగిపోయింది.

"మెదిపితే మళ్లీ పొమ్మంటావేమోనని."

నాకు ఏడుపొచ్చింది. "అనను లేవే" అన్నాను.

"సర్లే. ఫోన్ మెషీన్ పక్కన పెట్టుకుని విప్పు. కాల్ కట్ చెయ్యకు, నేనుంటాను."

కత్తెర అందుకున్నాను. పది నిమిషాల పని. మాటల్లో పడి, బస్సు డ్రైవరు వచ్చేసరికి ఇంకా రెండో చెయ్యి విప్పుతూనే ఉన్నాను.